బోర్లా చదివిన మీటరు

కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. ప్రమోషన్లు ఎలా వస్తాయి, ఏ సీటు మంచిది, ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలి అని అడుగుతారు. వాటి గురించి చెప్పగలిగిన వాళ్లు ప్రతి ఆఫీసు క్యాంటీనులోనూ నలుగురు ఉంటారు. నాకు తెలిసింది మీటర్లు. ముప్పై ఏళ్లకు పైగా మీటర్ల పరీక్ష ల్యాబులో కూర్చున్నాను. అక్కడ నేను నేర్చుకున్న దాంట్లో సగం ఒక్క మీటరు దగ్గరే నేర్చుకున్నాను, అదీ నా తప్పు వల్ల. ఆ కథ అడిగిన పిల్లలు తక్కువ. అయినా రాస్తున్నాను.

మాది పెద్దముడియం దగ్గర పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. మా నాయన చదువుకోలేదు గానీ సాయంత్రం మంద దొడ్లోకి వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి జతలు జతలుగా లెక్కపెట్టేవాడు. మందను ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంచేవాడు. ఒకటి అమ్మితే ఇంకొకటి కొనేవాడు, లేదా ఇంకొకటి కూడా అమ్మేవాడు. చివర్లో ఒంటి గొర్రె మిగిలిందంటే ఎక్కడో ఒకటి తప్పిపోయిందని అర్థం. వెంటనే కర్ర తీసుకుని బయల్దేరేవాడు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

కొండయ్య మేస్త్రీ

నేను చేరినప్పుడు ల్యాబులో నా మీద ఇంజినీర్లు ముగ్గురు ఉన్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నది పెద్దగా లేదు. పని నేర్పింది కొండయ్య మేస్త్రీ. పలకా బలపం పట్టని మనిషి. చేతిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని పుట్టాడని అందరూ వేళాకోళం చేసేవాళ్లం.

మూడు ఫేజుల మీటరు అడుగున, వైర్లు బిగించే చోట, మూడు చిన్న ఇత్తడి లింకులు ఉంటాయి. పరీక్ష చేసేటప్పుడు వాటిని ఒక్కొక్కటిగా వదులు చెయ్యాలి, అయిపోయాక బిగించాలి. వదులుగా వదిలేస్తే ఆ ఫేజు మీటరుకు కనబడదు. కరెంటు పోతూనే ఉంటుంది, మోటార్లు తిరుగుతూనే ఉంటాయి, మీటరు మాత్రం మూడింట ఒక వంతు లెక్కే మరిచిపోతుంది.

కొండయ్య మేస్త్రీ నేను బిగించిన ప్రతి లింకునూ రెండు వేళ్లతో లాగి చూసేవాడు.

"బిగిచ్చినా కదా మేస్త్రీ, మళ్లా ఎందుకు లాగుతాండావు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"బిగిచ్చినా అనేది నీ మనసులో మాట. బిగిసిందా లేదా అనేది లింకు చెప్పాల. దాన్ని అడగకుంటే ఎట్ల తెలుస్తాదిరా ఓబులేసూ?" అన్నాడు.

అది చాదస్తమని అప్పట్లో అనుకున్నాను. ఆయన రిటైరయ్యాక చాలా ఏళ్లు నేనూ లాగి చూశాను. తర్వాత నాకు అనుభవం వచ్చింది. అనుభవం వచ్చాక లాగడం మానేశాను.

నల్లబడ్డ మీటరు

రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా ఒక మీటరు గుడ్డ సంచిలో, లక్క సీలుతో మా ల్యాబుకు వచ్చింది. జమ్మలమడుగులో ఖాదర్ బాషా అనే ఆయన మగ్గాల షెడ్డుది. పన్నెండు పవర్‌లూములు, పట్టుచీరలకు జకార్డు అట్టలు కొట్టే గది ఒకటి. అట్టలంటే చిల్లులు కొట్టిన దళసరి కాగితాలు. ఏ పోగు పైకి లేవాలో ఆ చిల్లులే మగ్గానికి చెబుతాయి. ఆ చుట్టుపక్కల మంచి అంచు కావాలంటే ఖాదర్ బాషా చేతనే అట్ట కొట్టించాలని నేతగాళ్లు అంటారు.

ఆయన మీటరు రీడింగు కొన్ని నెలలుగా మూడో వంతు తగ్గింది. ఆ తర్వాత మీటరు అద్దంలో అంకెలు పూర్తిగా నల్లబడి కనబడకుండా పోయాయి. తనిఖీకి వచ్చిన వాళ్లు రెంటినీ కలిపి చూసి, లోపల ఏదో చేసి లెక్క తగ్గించాడు, ఆనవాలు దొరక్కుండా డిస్‌ప్లే కాల్చేశాడు అని తేల్చేశారు. దొంగతనం కేసు రాసి, కరెంటు తీసేసి, మీటరు విప్పుకుని వచ్చారు.

మా జిల్లాలో పడమటి గోడకు బిగించిన ఏ మీటరైనా నాలుగు ఎండాకాలాలు చూస్తే డిస్‌ప్లే నల్లబడుతుంది. ఆ కంపెనీ మీటర్లు మరీ నాసిరకం. ఈ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. తనిఖీ వాళ్లు మమ్మల్ని అడగలేదు. అడగని వాళ్లకు మేమూ చెప్పలేదు. డిపార్టుమెంటులో నేను చూసిన తప్పుల్లో సగం ఇలా పుట్టినవే.

ఖాదర్ బాషా ప్రతి సోమవారం ల్యాబుకు వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటాడు. వేళ్ల కొసలు అట్టలు కొట్టీ కొట్టీ గట్టిపడి ఉంటాయి. అరిచేవాడు కాదు, బతిమాలేవాడూ కాదు.

"షెడ్డు మూతబడింటే ఓర్చుకుంటా సార్, ఇంకో తావున కూలికి పోతా. వీధిలో పిల్లోళ్లు గుడక కరెంటు దొంగ అంటాండారు. మా అమ్మ బయట అరుగు మీద కూచునేదే మానేసింది. నేను దొంగనైతే అట్లనే చెప్పు. కాకుంటే అదన్నా చెప్పు" అన్నాడు.

చెప్పాలంటే మీటరు నోరు విప్పాలి. ఏ ఫేజు ఎప్పుడు పోయింది, మూత ఎప్పుడు తెరిచారు, అయస్కాంతం పెట్టారా, ఇవన్నీ ఆ రకం మీటరు తన జ్ఞాపకంలో తేదీతో సహా రాసుకుంటుంది. ముందు వైపు చిన్న గుండ్రటి కన్ను ఉంటుంది. చేతి యంత్రం ఒకటి ఆ కన్నుకు ఆనిస్తే, మీటరు కంటికి కనబడని వెలుగుతో మిణుకు మిణుకుమంటూ తన కథంతా చెబుతుంది. చేతి యంత్రం మా దగ్గరుంది. ఆ మిణుకులను మనిషి భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరు మాత్రం ఒకే ఒక్క పాత కంప్యూటరులో ఉండేది. అది ఏనాడో చచ్చింది. మీటరు చేసిన కంపెనీ కూడా మూతబడింది.

పిల్లలూ, మీరు పెద్ద సీట్లలోకి వెళ్లాక ఇది గుర్తుంచుకోండి. మనం చదవలేని మీటరును మన ఊరి గోడకు బిగించకూడదు. తాళం మనది, తాళంచెవి ఇంకొకరి జేబులో అంటే ఎలా?

చుక్కల కాగితం

మా డివిజను ఇంజినీరు సునంద మేడం. గోదావరి వైపు నుంచి వచ్చారు. మా మాటలు వింటే మొదట్లో గొడవ పడుతున్నామనుకుని ఉలిక్కిపడేవారు. నేను మీటరు భాష విప్పుతానంటే కళ్లద్దాల మీదుగా చూశారు.

"మీకు వచ్చాండీ అది?"

"రాదు మేడం. నేర్చుకుంటా."

"నెల రోజులు. ఈలోగా తేలకపోతే కేసు ముందుకు పంపేస్తాను. నన్నేమీ అనకండి" అన్నారు. చెప్పాల్సింది ముఖం మీద చెప్పే బాసు దొరకడం అదృష్టం. ఆమెకు నేనెప్పుడూ భయపడలేదు, ఆమె దగ్గర ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఒక్కసారి ఆడబోయాను, అది తర్వాత చెబుతాను.

పాడైన టీవీలో నుంచి వెలుగు పట్టే చిన్న కన్ను ఒకటి పీకాను. దాన్ని చేతి యంత్రానికీ మీటరుకూ మధ్య సందులో అతికించి, దాని వైర్లు మా ఇంటి ల్యాప్‌టాప్‌లో మైకు పెట్టే రంధ్రానికి కలిపాను. అవి మాట్లాడుకుంటుంటే గోడ పక్కన నక్కి వినడమన్న మాట. సెల్‌ఫోను కెమెరాలోంచి మీటరు కన్ను చూశాను. మామూలు కంటికి చీకటిగా ఉన్నది కెమెరాలో తెల్లగా టపటపా కొట్టుకుంటోంది. ఆ వయసులో నేను ల్యాబులో గంతు వేశాను. అటెండరు చూసి, షాకు కొట్టిందేమోనని మెయిను ఆపడానికి పరిగెత్తాడు.

ల్యాప్‌టాప్‌లో పడింది ఎత్తుపల్లాల గీత. ఎత్తయితే చుక్క, పల్లమైతే ఖాళీ అనుకుని గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో దింపాను. ఒక్కో మాటకు ఒక్కో వరస. వరసకు మొదట్లో ఒక గుర్తు, చివర్లో ఒక గుర్తు. ఆ రెండూ ఎప్పుడూ మారవు. వాటి నడుమ తొమ్మిది గళ్లు. తొమ్మిదెందుకో మూడు రోజులు అర్థం కాలేదు. ఎనిమిదైతే లెక్క కుదురుతుంది, ఈ తొమ్మిదోది ఎవరి చుట్టం?

అన్నం తింటుంటే తట్టింది. చెయ్యి కడుక్కోకుండానే వెళ్లి వరసల్లో చుక్కలు లెక్కపెట్టాను. రెండు, నాలుగు, ఆరు, నాలుగు. ఎక్కడా బేసి లేదు. ఎనిమిది గళ్లలో చుక్కలు బేసిగా వస్తే తొమ్మిదో గడిలో ఇంకో చుక్క చేర్చి జత చేస్తోంది మీటరు. దారిలో ఒక చుక్క తప్పిపోతే ఒంటిది మిగులుతుంది, తప్పు దొరికిపోతుంది. మా నాయన వాకిట్లో నిలబడి చేసిన పనే! ఆ రోజు ఆయన బతికుంటే ఎత్తుకుని తిరిగేవాణ్ణి.

తొమ్మిదోది పక్కన పెట్టి మిగతా ఎనిమిదింటిలో అంకెల కోసం వెతికాను. మీటరు నంబరు రేకు మీద ఉంది: 731904. అది ఈ వరసల్లో ఎక్కడో ఉండి తీరాలి. నాలుగు గళ్లకు ఒక అంకె. రెండు వారాలు వెతికాను. ఒక్క అంకె కూడా పొసగలేదు. నెలలో సగం పైగా అయిపోయింది.

"ఇది ఏ చీర అంచు సార్?"

ఆ సోమవారం ఖాదర్ బాషా వచ్చేసరికి గ్రాఫు కాగితాలన్నీ అతికించి బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు పాత మీటర్లు పెట్టాను. ఆయన బెంచీ మీద కూర్చోబోయి, ఆగి, బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్, మీరు గుడక డిజైన్ గీస్తాండారా? ఇది ఏ చీర అంచు సార్?"

"చీర కాదప్పా. నీ మీటరు మాటలు."

ఆయన వినలేదు. కాగితం మీదికి వంగి వేలితో వరసలు తడుముతున్నాడు. "ముందొకటి, యెనకొకటి మారల్యా. అవి కట్టు. నడమ ఉండేదే పని." నేను వారం రోజులు కొట్టుకుని కనిపెట్టింది ఆయన చెప్పులు విడవకుండానే చెప్పేశాడు. "సార్, నువ్వు ఇది యాడ నుంచి చదువుతాండావు?"

"యాడ నుంచేంది? పైన ఎడమ నుంచి."

ఆయన నవ్వాడు. ఆ మనిషి నవ్వగా నేను చూడటం అదే మొదలు.

"అట్ల చదివితే ఎట్ల వస్తాది? నువ్వు కట్టుకునే తట్టు నుంచి చూస్తాండావు. మగ్గం మీద చీర బోర్లా పండుకోని ఉంటాది సార్. మొగం కిందికి, ఈపు పైకి. మేం అట్ట కొట్టేటప్పుడు కుడి నుంచి ఎడమకు, కింద నుంచి పైకి చదువుతాం. నాకది కష్టం గుడక కాదు, ఉర్దూ కుడి నుంచే కదా. ఇది నేసేటోడి తట్టు నుంచి చదవాల."

పెన్సిలు ఆయన చేతికే ఇచ్చాను. నాలుగు గళ్లలో ఏ గడికి ఎంత విలువో చెప్పాను: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ఆయన కింద నుంచి మూడో వరసలో కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ వచ్చాడు. నేను కూడుతూ పోయాను.

"ఏడు."

"ఊఁ."

"మూడు."

పై వరస. ఒకటి, తొమ్మిది. దాని పైన సున్నా, నాలుగు.

ఇద్దరం ఒక్కసారే అరిచాం. అది ఏ భాషో నాకు తెలియదు. ఆయన నన్ను కౌగిలించుకున్నాడు. సునంద మేడం గదిలోంచి పరుగున వచ్చారు.

"ఏమిటండీ ఈ కేకలు? కొట్టుకుంటున్నారా?"

"లేదు మేడం. మీటరు పేరు చెప్పింది!"

కంప్యూటరు చదివిన పిల్లలకు ఈ వెనక నుంచి చదివే సంగతి మొదటి నెలలోనే చెబుతారట. మొన్న ఒకమ్మాయి నాతో, "చిన్న అంకె ముందు పంపుతుంది అంకుల్, అంతే కదా" అంది. అంతేనమ్మా. నాకు ఆ మాట చెప్పింది జమ్మలమడుగు నేతగాడు.

పులివెందుల బొట్టు

మేడం సంతోషించారు గానీ లొంగలేదు. "నిందితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సాక్ష్యం చదివానంటే పై వాళ్లు నవ్వుతారండీ. అంకెలు కనబడే మీటరు ఒకటి వెతకండి. మీరొక్కరే చదవాలి. నా కళ్ల ముందు." ఆమె అన్నది న్యాయమే.

అదే కంపెనీ మీటరు, డిస్‌ప్లే ఇంకా బతికున్నది, పులివెందులలో అరటికాయలు మాగబెట్టే గోదాములో దొరికింది. గోదాము లక్ష్మీదేవమ్మ అనే ఆమెది. మేడం, నేను జీపులో వెళ్లాం. చేతి యంత్రం ఆనించాను. మీటరు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ ఆనించాను. ఊహూఁ. మేడం గడియారం చూసుకున్నారు. వంగి చూస్తే మీటరు కన్ను నిండా పసుపు, దాని మీద ఎర్రగా ఇంత కుంకుమ!

"ఇదేందమ్మా?"

"శుక్రారం శుక్రారం బొట్టు పెడ్తా సార్" అంది లక్ష్మీదేవమ్మ. "గుండ్రంగా నొసలు మాదిరి ఉంటే ఆడ్నే పెట్టినా. కరెంటు లచ్చిమి కదా."

"దేవత కండ్లల్లో బొట్టు పెడ్తే ఎట్ల చూస్తాదమ్మా? పైన రేకు మీద పెట్టు" అని తువ్వాలు తడిపి తుడిచాను. మీటరు గలగలా మాట్లాడింది.

అరటిగెలల మధ్య పీట వేసుకుని గ్రాఫు కాగితం మీద దింపి, బోర్లా చదువుకుంటూ గంట కూర్చున్నాను. రీడింగు రాసి మేడం చేతిలో పెట్టాను. ఆమె వెళ్లి డిస్‌ప్లే చూసి వచ్చారు. ముఖం చిన్నబోయింది.

"అన్నీ సరిపోయాయండీ. చివరి అంకె మాత్రం ఒకటి తేడా."

ఒకటి తేడా అంటే మొత్తం తప్పన్నట్టే. అప్పుడు లక్ష్మీదేవమ్మే అంది: "సారు రాసుకోని గంటయింది. ఫ్యాన్లు తిరుగుతానే ఉండాయి. మీరు లెక్కేసేదాకా మీటరు ఊరికే కూచుంటాదా మేడం?"

మేడం పెద్దగా నవ్వారు. ఫ్యాన్లు ఆపించి, అప్పటికప్పుడు మళ్లీ తీసి చూశాం. అన్ని అంకెలూ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. వస్తూ వస్తూ లక్ష్మీదేవమ్మ జీపులో ఒక అరటిగెల పడేసింది. ప్రొద్దుటూరు చేరేలోపు మేడమే నాలుగు పళ్లు తిన్నారు.

పన్నెండూ నలభై

ఇక మిగిలింది సంఘటనల వరసలు. ల్యాబులో అదే రకం మీటరు పాతది ఇంకొకటి ఉంటే బెంచీ మీద పెట్టి ఒక్కో ఫేజూ తీశాను, మళ్లీ ఇచ్చాను, అయస్కాంతం ఆనించాను, మూత తెరిచాను. ప్రతిసారీ ఏ వరస కొత్తగా పుడుతోందో రాసుకున్నాను. ఫేజు పోయిన వరసకూ, తిరిగి వచ్చిన వరసకూ మధ్య ఒక్క చుక్క పక్క గడికి జరగడమే తేడా. దాని తర్వాత తేదీ, గంట, నిమిషం.

అవి పట్టుకుని ఖాదర్ బాషా మీటరు చదివాను. అయస్కాంతం వరస లేదు. లోపలి మూత తెరిచిన వరస లేదు. మిగతా రెండు ఫేజులు పోయిన ప్రతిసారీ తిరిగి వచ్చిన వరసా ఉంది. మొదటి ఫేజు పోయిన వరస మాత్రం ఒకటి ఉంది. అది మళ్లీ వచ్చిన వరస ఎంత వెతికినా లేదు. పోయిన ఫేజు పోయినట్టే ఉండిపోయింది. మే నెలలో ఒక తేదీ, పగలు పన్నెండూ నలభై.

నేను జేబు డైరీ రాసే మనిషిని. ఏ రోజు ఏ మీటరు పరీక్షించానో ఒక్క ముక్కలో రాసుకుంటాను. ఆ తేదీ తీశాను. నా చేతిరాతలోనే ఉంది: "జమ్మలమడుగు. ఖాదర్ బాషా మగ్గాలు. బాగుంది."

కూర్చుండిపోయాను.

ఏడాదికి వందల మీటర్లు చూసేవాణ్ణి, అప్పటిదాకా ఆ షెడ్డు గుర్తు రాలేదు; ఇప్పుడు ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఎండ. మిగతా రెండు లింకులు చూసి బిగించి, ఆఖరున మొదటి లింకు వదులు చేసి పరీక్ష ముగించాను. ఖాదర్ బాషా ఆ రోజు ఊళ్లో లేడు. అంతలో ఆయన తల్లి ఫాతిమా బీ గడపలోంచి పిలిచింది. "బిడ్డా, సంగటి చల్లారితే రాయైతాది. కోడిపులుసు చేసినా. తిని చేసుకుందువు రా." మా సీమలో అన్నం వేళకు గడపలో ఉన్న మనిషిని తినకుండా పంపరు, పిలిచాక తినకుండా పోవడమూ మర్యాద కాదు. స్క్రూ వేళ్లతో తిప్పి, తిన్నాక బిగిద్దాంలే అని వెళ్లాను. రెండు ముద్దలనుకున్నది నాలుగయ్యాయి. వచ్చి, అడుగున వైర్ల మూత పెట్టి, నా సీలు వేశాను. లాగి చూడలేదు.

మీటరు విప్పి తెచ్చిన వాళ్లు లింకులన్నీ వదులు చేసే తెచ్చారు. ఏది ముందు నుంచి వదులో ఎవరూ చెప్పలేరు. ఆ వరస చదవగలిగింది డిపార్టుమెంటు మొత్తం మీద నేనొక్కణ్ణే. "ఫేజు పోయింది, కారణం తెలియదు" అని రాస్తే ఖాదర్ బాషా బయటపడతాడు, నేనూ బయటపడతాను. నిజం చెబుతున్నాను, ఐదు నిమిషాలు ఆ వాక్యం నా మనసులో తిరిగింది. కారణం తెలియదంటే అనుమానం అతని నెత్తి మీదే ఉండిపోతుందని ఆరో నిమిషంలో తోచింది. ఫాతిమా బీ అరుగు మీద కూర్చోదు. నేను ఆమె సంగటి తిన్నాను.

డైరీ, కాగితం పట్టుకుని మేడం గదిలోకి వెళ్లాను. చెప్పడం అయ్యాక ఆమె డైరీలో తేదీని కాగితం మీది తేదీతో పోల్చి చూశారు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదండీ."

"ఖాదర్ బాషాకు తెలిసేది మేడం. ఆయన కుడి నుంచి చదువుతాడు."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు రావలసిన మెమో వచ్చింది. నా సర్వీసులో నేను దాచుకున్న ఒకే ఒక మెమో అది. కేసు ఎత్తేశారు.

లాగి చూసినావా?

కొత్త మీటరు బిగించడానికి నేనే వెళ్లాను. అది నా పని కాదన్నారు. నాదేనన్నాను. ముందు షెడ్డు ముందర నిలబడి, వీధిలో వాళ్లంతా వింటుండగా, గట్టిగానే చెప్పాను: "తప్పు నాది. లింకు బిగించకుండా పోయింది నేను. ఖాదర్ బాషా ఏమీ చెయ్యలేదు." మా సీమ గొంతు కదా, మూడు వీధులకు వినబడి ఉంటుంది.

ఖాదర్ బాషా ఏమంటాడో అని భయపడ్డాను. ఆయన, "అయితే నేను నీకు చదివేది నేర్పింది నీ తప్పు వరసనా సార్?" అన్నాడు.

"అవునప్పా" అని, ఫేజు పోయిన వరస, వచ్చిన వరస రాసిన కాగితాలు ఆయన చేతికిచ్చాను.

"శానా బాగా రాసిందే మీటరు" అని నవ్వాడు. ఆ రోజు నుంచి నన్ను సార్ అనడం మానేసి మామా అన్నాడు.

కొత్త మీటరు లింకులు బిగించాను. ఒక్కొక్కటీ లాగి చూశాను. స్విచ్చి వేస్తే పన్నెండు మగ్గాలూ ఒక్కసారి దడదడమన్నాయి. అంత చప్పుడులోనూ ఫాతిమా బీ అరుగు మీదికి వచ్చి కూర్చుంది. లోపల్నుంచి సంగటి వాసన వస్తోంది. నేను ఆశగా అటు చూశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"బిగిచ్చినావా?"

"బిగిచ్చినామ్మా."

"లాగి చూసినావా?"

"చూసినామ్మా."

"సీలు వేసినావా?"

"వేసినా."

"అయితే రా బిడ్డా, తిందువు" అంది.

కొండయ్య మేస్త్రీ కూడా నన్ను అంత గట్టిగా పరీక్షించలేదు.

అంచు

రిటైరయిన రోజు శాలువాలు, దండలు వచ్చాయి. అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో మా ఇంట్లో వాళ్లకే తెలియాలి. ఖాదర్ బాషా ఒక తెల్లటి తువ్వాలు ఇచ్చాడు. రెండు కొసలా ఎర్రటి అంచు. చిన్న చిన్న చుక్కలు. అందరూ బాగుందన్నారు.

ఇంటికి వచ్చి భుజం మీద నుంచి తీస్తుంటే కన్ను పడింది. ఆ చుక్కలు ఊరికే వేసినవి కావు. తువ్వాలు తిరగేసి, కుడి కింద నుంచి చదివాను. మొదటి ఫేజు పోయిన వరస. మే నెల తేదీ. పన్నెండూ నలభై. తొమ్మిదో గడిలో జత చుక్కలు కూడా తప్పకుండా వేశాడు. నవ్వు వచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా. ఫోను చేశాను.

"ఏందప్పా ఖాదరూ, రిటైరయ్యే రోజు గుడక నా తప్పు నాకు కప్పుతావా?"

"రెండో కొస చదివినావా మామా?" అన్నాడు.

చదవలేదు. ఫోను చెవికి పెట్టుకునే తువ్వాలు అవతలి కొస తిప్పాను. అదే వరసనిపించింది. మళ్లీ చూశాను. ఒక్క చుక్క పక్క గడిలో ఉంది. ఫేజు తిరిగి వచ్చిన వరస, మీటరులో ఎంత వెతికినా నాకు దొరకనిది. దాని తర్వాత నేను కొత్త మీటరు బిగించిన తేదీ. ఉదయం పదీ ఇరవై. మగ్గాలు మళ్లీ ఆడిన నిమిషం.

"ఆ మీటరు రాయకుండా వదిలేసింది మామా. మేం నేసినాం" అన్నాడు ఖాదర్ బాషా.

మా ఆవిడ సంగటి వడ్డించి పిలిచింది. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి కూర్చున్నాను.